రైలుకట్టపై కాలిబాట



పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము నెఱుగని పల్లె తెలుగునాట లేదు. లోకమున ఏ వింత పుట్టినను, "ఇది ఆయన మునుపే చెప్పియుండెను" అని రచ్చబండమీద ఒకరైనను అనక మానరు. ఇట్టి కాలజ్ఞాని యొకడు ఐర్లండు దేశమున, పడమటి సముద్రపుటంచున నున్న మేయో జిల్లాలో, పదునేడవ శతాబ్దమున నుండెనని అచ్చటి జనులు చెప్పుకొందురు. అతని పేరు బ్రయన్ రువా. రువా యనగా వారి భాషలో ఎఱ్ఱజుట్టువాడని యర్థము. నిప్పును పొగను గ్రక్కుచు ఇనుపచక్రములపై దొరలు బండ్లు ఒకనాడు అకిల్ అను దీవి దరికి వచ్చుననియు, వానిలో మొట్టమొదటి బండియు కట్టకడపటి బండియు పీనుగులను మోసికొని వచ్చుననియు అతడు పలికెనట.

నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు నవ్వుదురు. జరిగినది మాత్రమిది.

1894వ సంవత్సరము జూను 14వ తేదీన అకిల్ దీవి పడుచువారు నూఱుమందికి పైగా స్కాట్లండునకు కూలికి పోవలెనని తెరచాప పడవలో బయలుదేరిరి. మన కోస్తావారు మునుపు రంగూనునకు పోయినట్లే వారును ఏటేట సముద్రము దాటి, బంగాళాదుంపలు త్రవ్వు పనికి పోవుట వాడుక. పడవ వెస్ట్‌పోర్టు రేవును సమీపింపగానే, తాము ఎక్కవలసిన పొగయోడను చూచు వేడుకతో వారందఱును ఒక ప్రక్కకు ఒరిగిరి. చాప త్రిప్పు వేళయు అదియే యగుటచే పడవ బోర్లపడెను. 32 మంది మునిగి చనిపోయిరి. వెస్ట్‌పోర్టునుండి అకిల్‌వఱకు వేయుచుండిన రైలుమార్గము అప్పటికింకను ప్రజలకు తెఱువబడలేదు. అయినను ఆ శవములను స్వగ్రామములకు చేర్చుటకై ప్రత్యేకముగా ఒక బండిని నడిపించిరి. అకిల్ చేరిన మొదటి బండి యదియే యని చెప్పుదురు.

మఱి నలువది మూడేండ్లకు, 1937 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి, స్కాట్లండునందు కిర్కింటిలోక్ అను పట్టణమున కూలివాండ్రు పండుకొనియున్న కొట్టమునకు నిప్పంటుకొనెను. తలుపు మూయబడి యుండుటచే లోపలివారు వెలికి రాలేకపోయిరి. అకిల్ ప్రాంతపు పిల్లవాండ్రు పదిమంది ఆహుతియైరి. వారిలో మిక్కిలి చిన్నవానికి పదుమూడేండ్లు. ఆ పదిమందిని ఓడమీద డబ్లినునకును, అచ్చటినుండి రైలుమీద అకిల్‌నకును తెచ్చిరి. రెండు వారములైన తిరుగకమునుపే ఆ మార్గము శాశ్వతముగా మూయబడెను.

నేడు నేను చెప్పబూనినది కాలజ్ఞానమును గుఱించి కాదు. బండ్లు ఆగిపోయిన పిమ్మట ఆ కట్ట యేమైనది, డెబ్బదియేండ్లకు పైగా పాడుపడియున్న ఆ మార్గము నేడు మోటారుబండి యెఱుగని పచ్చని పుంతగా ఎట్లు మాఱినది, అన్నిటికంటె ముఖ్యముగా, పరుల పొలములలో నుండి పోవు ఆ బాటకు పొలముగలవారు ఎట్లు ఒప్పుకొనిరి అను సంగతి చెప్పదలచితిని. గట్టుతగవు లేని యూరు ఉండదు గనుక, ఈ కడపటి మాట మీకు తప్పక రుచించునని నా నమ్మకము.

మొదట ఆ రైలు ఎందుకు పుట్టినదో కొంచెము చెప్పవలెను. మేయో జిల్లా పడమటి భాగము రాతినేల, బురదనేల. 1845 మొదలు కొన్నియేండ్లు బంగాళాదుంప పైరునకు తెగులు తగిలి ఐర్లండున పుట్టిన మహాక్షామము ఆ జిల్లాను మిక్కిలి పీడించెను. చచ్చినవారు చావగా బ్రతికినవారిలో పెక్కండ్రు ఓడలెక్కిరి. అప్పుడు ఐర్లండు ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. ఐర్లండు వ్యవహారములు చూచుచుండిన ఆర్థర్ బాల్ఫరు అను మంత్రి 1889లో ఒక చట్టము చేయించెను. ఏ కంపెనీయు లాభముకై తనంత తాను రైలువేయని బీదప్రాంతములలో ప్రభుత్వపు సొమ్ముతో మార్గములు వేయించుట ఆ చట్టపు తాత్పర్యము. కూలివారికి పని దొరకును, పట్టిన చేపలు చెడకమునుపే బజారు చేరును అని తలచిరి. ఆ చట్టము ననుసరించి మిడ్‌లాండ్ గ్రేట్ వెస్టర్న్ అను రైలుకంపెనీవారు నడిపిన మార్గములలో ఇదియొకటి. వెస్ట్‌పోర్టునుండి న్యూపోర్టునకును, అచ్చటినుండి మల్‌రాన్నీకిని 1894లో తెఱచిరి. అకిల్‌వఱకు 1895 మే నెలలో పూర్తియయ్యెను. అకిల్ స్టేషను దీవిలో లేదు, దీవికెదురుగా జలసంధి ఒడ్డున నుండెను. మల్‌రాన్నీయందు కంపెనీవారే 1897లో ఒక పెద్ద హోటలు కట్టించిరి. అది నేటికిని అతిథులను చేర్చుకొనుచున్నది.

మార్గము బ్రతికినది నలువది రెండేండ్లు మాత్రమే. రోడ్డుమీద బస్సులును లారీలును వచ్చిన పిమ్మట రైలునకు గిరాకీ తగ్గెను. 1934 సంవత్సరాంతమున ఒకసారి మూసిరి. 1936లో మఱల తెఱచిరి. 1937లో ఇక లేదనిరి. తరువాత పట్టాలు ఊడదీసిరి. కట్టక్రింది నేల చాలవఱకు ఇరుప్రక్కల పొలములవారి వశమైనది. ఎవరి పొలమునకెదురుగా నున్న ముక్క వారిది. ఒకడు తన ముక్కను మేతబీడుగా జేసికొనెను, మఱియొకడు గడ్డివాము వేసికొనెను, వేఱొకచోట ముండ్లపొదలు మొలచి కట్టను కప్పివేసెను. ఇటువంటివి ఏ దేశమునందైనను జరుగునవే.

ఇక్కడ ఒక విషయమును నిదానించి చూడవలెను. రైలుకట్ట యనగా ఒట్టి మట్టికుప్ప కాదు. ఇనుపపట్టాలమీద ఇనుపచక్రము జాఱును గనుక ఇంజను ఎత్తైన వాలు నెక్కజాలదు. అందుచే మార్గము వేసిన ఇంజనీర్లు సాధారణముగా నూఱడుగుల దూరమునకు ఒక అడుగు, మహాయైన ఒకటిన్నర రెండడుగులకంటె ఎక్కువ ఎత్తు పెరుగకుండ చూతురు. మోటారురోడ్డు కొండ నెక్కి దిగును. రైలుదారి కొండను కోసికొని పోవును, పల్లమును పూడ్చికొని పోవును, ఏటిపై వంతెన వేసికొని పోవును. కట్టకు ఇరుప్రక్కల నీరు పోవుటకు కాలువలు, అడ్డముగా తూములు ఉండును. వంకరలు కూడ పెద్దవిగా, మెల్లగా తిరుగును. వేలకొలది కూలివాండ్రు పారలతో, తట్టలతో చేసిన ఆ పని బండి పోయినంతమాత్రమున పోదు. మోకాలి నొప్పిగల ముసలివాడును, సైకిలు నేర్చుకొనుచున్న పిల్లయు ఆయాసపడక పోగల దారి కావలెనన్న, ఆవిరియంత్రముకై వేసిన దారికంటె మేలైనది దొరకదు. ఈ సంగతి నాకు మొదట వింతగా తోచెను. బలమైన యంత్రమునకు తగిన దారియే బలహీనునకును తగియున్నది!

ఐతే ఆ కట్టకు గల విలువ అంతయు దాని ఎడతెగనితనమునందున్నది. 42 కిలోమీటర్లు, అనగా సుమారు 26 మైళ్ళు, ఒకే దారముగా నున్నంతవఱకే అది దారి. నడుమ ఒక్క బారెడు తెగినను అది రెండు ముక్కల గడ్డినేల. ముక్కలుగా పంచుకొన్న నేలను మఱల కూర్చుట ఎంత కష్టమో, పాలివాండ్ర తగవులు చూచిన మీకు నేను చెప్పనక్కఱలేదు. ఈ మార్గమునందు నూఱుమందికి మించిన భూస్వాములుండిరి. భూస్వాములనగా జమీందారులని తలపవలదు. కొద్ది యెకరములు, కొన్ని గొఱ్ఱెలు, రెండు మూడు ఆవులుగల చిన్న కాపులు. వారిలో ఏ ఒక్కడు కాదన్నను గొలుసు తెగును.

కాదనుటకు వారికి కారణము లేకపోలేదు. ఆ జిల్లావారికి భూమిమీదనున్న మమకారమునకు ఒక చరిత్ర కలదు. పందొమ్మిదవ శతాబ్దమున వారి పూర్వులు దొరల పొలములలో కౌలుదార్లు. కౌలు చెల్లింపలేనివారిని ఇండ్లు పడగొట్టి వెళ్ళగొట్టుచుండిరి. మైకేల్ డేవిట్ అను నతడు మేయో జిల్లాలోనే పుట్టి, నాలుగేండ్ల పసివాడుగా నుండగా తలిదండ్రులతో ఇట్లే వెళ్ళగొట్టబడెను. అతడే పెద్దవాడై 1879లో అదే జిల్లాలో, కాజిల్‌బార్ పట్టణమున, భూమిసంఘమును స్థాపించుటకు ముఖ్యకారకుడయ్యెను. మఱుసటి సంవత్సరము, అనగా 1880లో, ఆ జిల్లాలో ఒక దొర పొలములను చూచుచుండిన కాప్టెన్ బాయ్‌కాట్ అను వానికి కౌలుదార్లందఱును పని మాని, మాట మాని, అమ్మకము కొనుగోలు మాని వెలివేసిరి. బాయ్‌కాట్ అను మాట పుట్టినది ఆ పేరునుండియే. మన దేశమున విదేశవస్త్ర బహిష్కారమునాడు ఊరూర వినబడిన ఆ మాట పుట్టినిల్లు మేయో జిల్లా యని ఎందఱికి తెలియును? పిమ్మట 1903 మొదలైన చట్టములవలన కౌలుదార్లు ప్రభుత్వమువద్ద అప్పు తీసికొని తమ నేలను తామే కొనుక్కొనిరి. ఆ యప్పును పలుతరములు వాయిదాలలో తీర్చిరి. అట్టివారి మనుమలవద్దకు పోయి, "మీ పొలములో నుండి లోకులకు దారి విడువుడు" అని అడుగుట సామాన్యమైన పని కాదు.

వారి జంకులు నాలుగు విధములు. నేను విన్నంతలో ఏ దేశపు కాపును అడిగినను ఇవియే చెప్పును.

నేడు దయతలచి దారి విడిచితిమా, రేపు అది వారి హక్కగునేమో యనునది మొదటిది. ఇది వట్టి భయము కాదు. మన దేశమునందు 1882 నాటి ఈజ్‌మెంటు చట్టము ప్రకారము ఇరువదియేండ్లు అడ్డులేక, హక్కుగా, బాహాటముగా నడచిన దారిపై నడచినవానికి హక్కు కలుగును. పుంతదారులపై మన మునసబు కోర్టులలో నడచిన వ్యాజ్యములలో సగము ఈ ఇరువదియేండ్ల లెక్కమీద నడచినవే. ఐర్లండునందును బహుకాలము జనులు స్వేచ్ఛగా నడచిన బాట ప్రజలదేయను వాదమునకు తావు గలదు. రెండవది, నడచువాడు కాలుజాఱి పడి, నష్టపరిహారము నిమ్మని పొలముగలవానిపై దావా వేయునేమో యనుట. మూడవది, గేటు తెఱచిపెట్టి పోయినచో గొఱ్ఱెలు రోడ్డుపాలగును, కుక్కలు వెంట వచ్చినచో గొఱ్ఱెపిల్లలను కఱచును. నాలుగవది చెప్పుటకు వారు వెనుదీయుదురు గాని అదియే గట్టిది. తన పెరటి ప్రక్కనుండి పరాయివారు పగలంతయు చూచుచు పోవుట ఎవరికి సమ్మతము?

మేయో జిల్లా మండలి, అనగా మన పాత జిల్లాబోర్డు వంటిది, ఇక్కడ చేసిన పని మెచ్చదగినది. భూమిని బలవంతముగా తీసికొను అధికారము చట్టమునందున్నను దానిని ముందుకు తేలేదు. భూమిని కొనవలెనని కూడ చూడలేదు. అనుమతి మాత్రమే అడిగిరి. ఆ యనుమతిని అచ్చటివారు ఏర్పరచుకొన్న తీరును మన మాటలలో చెప్పవలెనన్న ఇట్లుండును. నేల నీదే. దస్తావేజు నీ పేరనే యుండును. దానిపై ప్రజలకు దారిహక్కు పుట్టదు. నీ సెలవు నున్నంతవఱకే వారు నడతురు. కంచె వేయుట, గేట్లు పెట్టుట, బాట బాగుచేయుట జిల్లా మండలి పని. నీ పశువులును నీ బండియు బాటకడ్డముగా ఎప్పటివలెనే దాటవచ్చును. ఎవడైన పడి దెబ్బ తగిలించుకొన్నచో ఆ బాధ్యత భీమాద్వారా మండలి వహించును.

కడపటిదానికి 1995లో ఆ దేశమువారు చేసిన ఒక చట్టము తోడుపడినది. దాని పేరు ఆక్రమితుల బాధ్యతల చట్టమని చెప్పవచ్చును. ఇంటికి పిలిచిన చుట్టమునకు దెబ్బ తగిలినచో ఇంటివానికి గల బాధ్యత వేఱు, ఉల్లాసమునకై, రుసుము చెల్లింపక, పొలములో నడచుటకు వచ్చినవానియెడల గల బాధ్యత వేఱు అని ఆ చట్టము విడదీసినది. ఈ రెండవవానియెడల పొలముగలవాడు బుద్ధిపూర్వకముగా కీడు చేయరాదు, వాని క్షేమమును బొత్తిగా తృణీకరింపరాదు. అంతకుమించి భారము లేదు. ఇట్టి స్పష్టమైన మాట చట్టమున లేనిచో ఎంత మంచి కాపైనను "మాకెందుకీ తంటా" అని యుండును. మంచితనము మీద మాత్రమే ఆధారపడి ఇట్టి పనులు సాగవు. మంచితనమునకు నష్టము రాకుండ కాపు కాయు చట్టము కూడ నుండవలెను.

కాని చట్టమే పని చేసినదని చెప్పిన పొరపాటగును. జిల్లా మండలి యుద్యోగులు కాగితములు టపాలో పంపి ఊరకుండక, ఇంటింటికి పోయి మాటలాడిరి. ఊరివారే కొందఱు ముందునకు వచ్చిరి. ఎచ్చట గేటు కావలెను, ఎచ్చట తెర కట్టవలెను, ఎచ్చట బాటను ఇంటికి కొంత దూరముగా త్రిప్పవలెను అనునది ఆ పొలముగలవానితో కలిసి నిశ్చయించిరి. పాత కట్టయే కావలెనను పంతము పట్టలేదు. వీలుపడని చోట కట్టను విడిచి, రోడ్డు ప్రక్కగా బాటను నడిపి, మఱల కట్టను చేరుకొనిరి. అందుచే నేటి బాట అక్కడక్కడ పాత రైలుదారి గీతనుండి తొలగియుండును. చూచువాడు దీనిని లోపమనుకొనవచ్చును. నాకు మాత్రము ఒప్పందపు గుర్తులుగా తోచును.

దేశప్రభుత్వపు రవాణాశాఖవారు సొమ్మిచ్చిరి. 2009లో ఆ దేశమువారు సైకిలుప్రయాణమును ప్రోత్సహించు విధానము నొకదానిని ప్రకటించియుండుట దీనికి కలిసివచ్చెను. మొదట న్యూపోర్టునుండి మల్‌రాన్నీవఱకు 18 కిలోమీటర్లు పూర్తిచేసి 2010లో తెఱచిరి. ముందుగా ఒక ముక్కను చేసి చూపుటలో నేర్పు కలదు. ప్రక్కవాని పొలములో బాట పడి గొఱ్ఱెలు తప్పిపోలేదని కన్నులార చూచిన పిమ్మట గాని మిగిలినవాడు ఒప్పుకొనడు. 2011 వేసవిలో అటు అకిల్‌వఱకు 13, ఇటు వెస్ట్‌పోర్టువఱకు 11 కిలోమీటర్లు చేర్చి మార్గమంతయు పూర్తిగావించిరి. గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే అని దానికి పేరు పెట్టిరి. గ్రీన్‌వే యనగా పచ్చదారి. మన పల్లెమాటలో పుంత యనిన అర్థము సరిగా సరిపోవును.

పనిలో పెద్ద విద్య యేమియు లేదు. పొదలు కొట్టి, పాత కంకరను చదునుచేసి, పూడిన తూములు తీసి, పెక్కుచోట్ల సన్నని రాతిపొడి పఱచి అదిమిరి. ఇరువురు సైకిళ్ళమీద ఎదురెదురుగా వచ్చినను తప్పుకొనగల వెడల్పు. ఇరుప్రక్కల కంచె. మోటారురోడ్డు దాటుచోట్ల సైకిలువాడు దిగి చూచి పోవునట్లు గేట్లు. న్యూపోర్టున ఏటిపై రైలువారు కట్టిన ఏడు కమానుల ఎఱ్ఱరాతి వంతెన చెక్కుచెదరక నిలిచియున్నది. దానిమీద నేడు జనులు కాలినడకను పోవుచున్నారు. పొలముగలవారు తమ పనికై దాటుట తప్ప మోటారుబండి యేదియు ఆ బాటమీద పోరాదు.

ఆ దారిలో పోవువానికి ఎడమప్రక్క క్లూ అఖాతము. ఏడాదికెన్ని దినములో అందులో అన్ని దీవులని అచ్చటి పామరుల లెక్క. కుడిప్రక్క నెఫిన్ కొండలు. అఖాతమున కావలి గట్టున క్రో పాట్రిక్ అను శిఖరము కనబడును. అది 764 మీటర్ల ఎత్తుగల పుణ్యక్షేత్రము. జూలై నెల కడపటి ఆదివారమున వేలాది భక్తులు, కొందఱు ఉత్తపాదములతో, ఆ రాళ్ళకొండ నెక్కుదురు. శ్రీశైలమునకు కాలినడకను పోయినవారికి ఆ భక్తి తెలియనిది కాదు.

వచ్చువారివలన ఊళ్ళకు కలిగిన మేలును అంకెలలో చెప్పుట నా పని కాదు. చూడదగిన మార్పును మాత్రము చెప్పెదను. నాలుగు ఊళ్ళయందును సైకిళ్ళు అద్దెకిచ్చు కొట్లు వెలసినవి. ఒకవైపు త్రొక్కి అలసిపోయినవానిని సైకిలుతో సహా మోటారులో వెనుకకు చేర్చువారును కలరు. మల్‌రాన్నీ వంటి చిన్న ఊరిలో భోజనశాలలును, బసచేయు ఇండ్లును వచ్చినవి. పని వెదకుకొనుచు పిల్లలు ఊరు విడుచుటయే తరతరముల వాడుకగానున్న ప్రాంతమది. అట్టిచోట కొందఱు యువకులకు ఇంటిముందఱనే పని దొరకుట చిన్న విషయము కాదు. ఐనను దీనితో వలస ఆగిపోయినదని చెప్పినచో అబద్ధమగును. వేసవిలో సందడి, చలికాలమున వాన, గాలి. వచ్చువారిపై బ్రతుకు బ్రతుకంతయు నిలుపుకొనరాదు.

ఈ ఏర్పాటునందొక బలహీనత కూడ కలదు. దాచుట న్యాయము కాదు. అనుమతి యనునది ఇచ్చినవాని చేతిలోనిది. పొలము చేతులు మాఱవచ్చును. తండ్రి యిచ్చిన మాటను కొడుకు కాదనవచ్చును. పొలము కొనిన క్రొత్తవాడు ఆ మాటతో నాకేమి యనవచ్చును. ఒక్క గేటునకు తాళము పడినచో నడుమ త్రోవ తెగును. అందువలన ఆ దేశమువారే 2018లో పచ్చదారులను గుఱించి ఒక విధానమును వ్రాయునప్పుడు, ఇకమీదటి బాటల నేల వీలైనంతవఱకు ప్రభుత్వపు సొత్తుగా నుండుటయే మేలని తలపోసిరి. భూములు పోవువారితో ఎట్లు మెలగవలెనో చెప్పు నియమావళిని 2021లో వెలువరించిరి. బలవంతముగా తీసికొందురేమోయని కొన్నిచోట్ల రైతులు ఎదురు తిరుగుటయే దానికి కారణము.

పోల్చిచూచుటకు ఆ దేశమునందే దక్షిణమున వాటర్‌ఫర్డ్ పట్టణమునుండి డన్‌గార్వన్‌వఱకు గల మార్గమును చూడుడు. 1878లో తెఱచిన ఆ రైలుమార్గమున ప్రయాణికుల బండ్లు 1967లో నిలిచినవి. తరువాత 1982వఱకు సరకుబండ్లు నడచినవి. ఐతే అచ్చట కట్ట ముక్కలు కాలేదు. రైలుసంస్థ చేతిలోనే యుండిపోయెను. అందుచే 46 కిలోమీటర్ల బాటను, మూడు ఎత్తైన వంతెనలతోను, కొండలో త్రవ్విన 400 మీటర్ల సొరంగముతోను కలిపి, 2017లో ఒక్కసారిగా తెఱువగలిగిరి. గాల్వేనుండి క్లిఫ్డెన్‌వఱకు 1935లో మూతపడిన మఱియొక మార్గము కలదు. అచ్చట కూడ అకిల్ మార్గమునందువలెనే నేల పలువురి పాలయ్యెను. అక్కడి బాట కొంతకొంతగా, ఎంతో ఆలస్యముగా సాగినది. మూడు మార్గములును ఒకే దేశమున నున్నవి. మూడింటిలోను కట్ట పాతదే, మట్టి అదే. తేడా అంతయు మూసిననాడు నేలను ఏమిచేసిరి అనుటలో నున్నది.

మనకు దీనితో నేమి పని యని యెవరైన అడుగవచ్చును. కాకినాడనుండి కోటిపల్లివఱకు 1928లో రైలువేసిరి. యుద్ధకాలమున, 1940లో, ఇనుము కావలెనని పట్టాలు ఊడదీసిరి. ఆ ప్రాంతపు వృద్ధులకు ఆ మాట పెద్దలవలన వినికిడి. అరువదియేండ్లు దాటినపిదప, 2004లో, ఆ దారినే మఱల రైలు నడచెను. కనుక మూసిన కట్ట చచ్చిన కట్ట యని తొందరపడి చెప్పరాదు. దానిని అటులే నిలుపుకొన్నచో మఱల రైలైనను కావచ్చును, కాలిబాటయైనను కావచ్చును. రాజమహేంద్రవరమున 1900లో తెఱువబడి 1997లో సెలవు గొన్న గోదావరి పాతవంతెనను నడకవంతెనగా చేయవలెనను మాట కూడ చిరకాలముగా వినబడుచున్నదే. మీటరుగేజి, నారోగేజి మార్గములను వెడల్పుచేయునప్పుడు దారి మార్చినచోట్ల విడిచిన పాతకట్టలు మన జిల్లాలలోను అక్కడక్కడ కలవు. మీ యూరి ప్రక్క అట్టిది యున్నచో దాని నేల నేడు ఎవరి పేరనున్నదో ఒకసారి రెవిన్యూ లెక్కలలో చూచుట మంచిది. బడికి పోవు పిల్లలు లారీలకు వెఱచుచు రోడ్డంచున నడచుట నేను ముప్పదియేండ్లు బడివాకిట నిలిచి చూచినవాడను గనుక ఇంతగా చెప్పుచున్నాను.

అకిల్ మాట ముగింపక విడిచితిని. బాట జలసంధి ఒడ్డున, పాత స్టేషను వద్ద ముగియును. అచ్చటనుండి దీవిలోనికి వంతెన కలదు. దానికి మైకేల్ డేవిట్ పేరే పెట్టియున్నారు. 1887లో మొదటి వంతెనను తెఱచినది ఆయనయే. ఇప్పుడున్నది 2008 నాటిది. వంతెన దాటి, దీవి తూర్పుటొడ్డు వెంబడి దక్షిణముగా పోయినచో, సముద్రపు గట్టున కిల్డావ్‌నెట్ అను శ్మశానవాటిక వచ్చును. 1894లో పడవ మునిగి చనిపోయినవారును, 1937లో కొట్టములో కాలిపోయిన పదిమందియు అక్కడనే పూడ్చబడియున్నారు. సైకిలుమీద వచ్చినవారిలో కొందఱు అక్కడిదాక పోయి, ఆ పేర్లు చదివి, మఱల వెనుకకు మఱలుదురు.